సామ్రాజ్యమ్మ చెప్పిన ముప్పైఐదు నిమిషాలు

సామ్రాజ్యమ్మ ఎవరినైనా మరిచిపోవాలంటే వాళ్లు ఆమెకు మేలు చేసి ఉండాలి. కీడు చేసినవాళ్లను మాత్రం ఆ రోజు వాళ్లు కట్టుకున్న పంచె అంచు రంగుతో సహా గుర్తుపెట్టుకునేది. మార్కాపురం పలకల గనుల్లో పెరిగిన మనిషి. వాళ్ల నాయన రాయిని పొరలు పొరలుగా చీలిస్తే, ఈమె ఆరేళ్ల నుంచే వాటిని నున్నగా రుద్దేది. తర్వాత మిషన్ హాస్టలులో ఎనిమిదో తరగతి దాకా చదివింది. అక్కడ ఉన్నన్నాళ్లూ లెక్కల్లో ఆమెకు ఒకే ఒక్కసారి తప్పు పడిందట. మర్నాడు టీచరమ్మ వచ్చి పుస్తకం వెనక ఉన్న జవాబును దిద్దుకుందట.

పెళ్లయి కంభం వచ్చింది. భర్త ఏబేలు, పుల్లారావు అనే షావుకారు షెడ్డులో బస్సుల బ్యాటరీలు చూసేవాడు. షావుకారుకు రెండు బస్సులు, ఒక వేరుసెనగ నూనె మిల్లు. ఆయన మార్కాపురం బస్సు ఎంత నెమ్మదైనదంటే, కంభంలో మేకపిల్లను చంకన పెట్టుకుని ఎక్కిన ముసలాయన మార్కాపురంలో దిగేసరికి పెద్దమేకకు టికెట్టు తీసుకోవలసి వచ్చింది.

అప్పటికి కంభంలో కరెంటు లేదు. పెళ్లిళ్లకూ సభలకూ పెట్రోమాక్సులే దిక్కు. పుల్లారావు బస్సు బ్యాటరీకి తీగలు కట్టి, ఆరు బల్బులు వేలాడదీసి బాడుగకు ఇవ్వడం మొదలుపెట్టాడు. జనం దీపాలు చూడడానికే పిలవని పెళ్లిళ్లకు పోయేవారు. అయితే దీపాలకు ఆయన పంపేది బస్సుకు పనికిరాని పాత బ్యాటరీని. మూల పగిలి, తారు పూసిన బ్యాటరీ అది.

"సావుకారూ, దీంట్లో ప్లేట్లు అరిగిపోయినాయి. ఆరు బల్బులు పెడితే ఇది గంట, గంటంబావుకు మించి నిలవదు," అని ఏబేలు రెండుసార్లు చెప్పాడు.

"దాని మీద అరవై అని అచ్చుపోసి ఉండాది. కంపెనీవాడికంటే నీకు ఎక్కువ తెలుసునా? నీళ్లు నిండుగా ఉన్నాయి గదా, ఇంకేంది," అన్నాడు పుల్లారావు. బ్యాటరీ నిండిందో లేదో ఆయన మూతలు విప్పి, లోపలి నీళ్లు చూసి తేల్చేవాడు. కంభం మొత్తానికి అదే నమ్మకం. కుండలో నీళ్ల మాదిరి కరెంటు ఆ నీళ్లలో ఉంటుందని.

పంతొమ్మిది వందల ముప్పైఆరులో వేరుసెనగ పీకేసిన చేలో మా క్రైస్తవ సంఘం ప్రార్థన కూటాలు జరిగాయి. మొదటి సాయంత్రం ఏడుంబావుకు దీపాలు వెలిగించారు. ఎనిమిదిన్నరకు బల్బులు నారింజరంగుకు తిరిగి, తర్వాత నిప్పుకణికల్లా ఎర్రబడి, ఆరిపోయాయి. నెల్లూరు నుంచి వచ్చిన ప్రసంగీకుడు చీకట్లో వేదిక దిగబోయి హార్మోనియం మీద కూర్చున్నాడు. అది పెట్టిన కేకకు పక్క చేలో ఎద్దులు పలుపులు తెంచుకుని కొమరోలు దాకా పోయాయి.

పుల్లారావు లాంతరు పట్టుకుని వచ్చి అందరి ముందూ బ్యాటరీ మూతలు విప్పాడు. పాత బ్యాటరీ ఛార్జి చేసేటప్పుడు నీళ్లు మరిగి తగ్గుతాయి. అవి సగానికి దిగి ఉన్నాయి. ఏబేలు సంచి వెదికితే ఒక సీసా దొరికింది.

"ఇదేందిరా?"

"వాన నీళ్లు సావుకారూ. తగ్గితే పోద్దామని తెచ్చినా."

"పోసేదానికి తెచ్చినావా, తోడేదానికి తెచ్చినావా?"

ఏబేలు నోరు తెరిచే లోపలే వెనకనుంచి ఎవరో 'తోడుకున్నాడు' అన్నారు. ఆ మాట చేనంతా పాకింది. పక్కనే ఉన్న డ్రైవరు ఆంజనేయులుకు బ్యాటరీ సంగతి బాగా తెలుసు. అతను కాలి బొటనవేలితో మట్టి గీరుతూ నిలబడ్డాడు. పుల్లారావు ఏబేలును అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు.

పని పోతే ఇంకొకటి దొరుకుతుంది. సంఘపెద్దలు చేసింది అంతకంటే పెద్దది. దొంగతనం చేసినవాడని ఏబేలును ప్రభువు బల్ల నుంచి ఆపేశారు. నెలలో మొదటి ఆదివారం గుడిలో, అంటే చర్చిలో, అందరూ ముందుకు పోయి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఆపినవాడు మాత్రం వెనక చాప మీద తల వంచుకుని కూర్చోవాలి. అతని చేత ఎవరూ ప్రార్థన చేయించరు. చనిపోయినవాళ్ల పెట్టె మోయనివ్వరు. ఏబేలు కూలికి పోయి వేరుసెనగ ఒలిచాడు, రోడ్డు మీద కంకర కొట్టాడు. దేనికీ బాధపడలేదు. ఆ ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చి అన్నం ముట్టేవాడు కాదు.

"నేను చేయలేదని దేవుడికి తెలుసులే," అన్నాడు ఒకరోజు.

"దేవుడికి తెలిస్తే సరిపోదు. కంభానికి తెలియాల. ఆ పుల్లారావు నోటితోనే తెలియాల," అంది సామ్రాజ్యమ్మ.

ఆ వాన నీళ్ల సీసాను పుల్లారావు తన అంగడిలో పై అరలో పెట్టాడు. సీసాలోని కరెంటును చూడడానికి పామూరు నుంచి కూడా మనుషులు వచ్చారు. ఒక ముసలాయన బతిమాలి రెండు చుక్కలు మోకాళ్లకు రాయించుకుని, ఆ సాయంత్రమే కంభం చెరువు కట్ట ఎక్కి దిగాడట. సామ్రాజ్యమ్మ కూడా పోయి, అంగడి ముందు చాలాసేపు నిలబడి ఆ సీసా వంక చూసింది. కోపంతో చూస్తోందనుకున్నారు. నిజానికి ఆమె చూసింది సీసాకు దండం పెడుతున్న మనుషుల్ని. వీళ్లు దేన్ని నమ్ముతారో, ఎంతగా నమ్ముతారో అక్కడే కొలుచుకుంది.

మొదట ఆమెకు లెక్క కావలసి వచ్చింది. ఏబేలుకు బ్యాటరీ వాసన, దాని ఆసిడ్ పలచబడిందో చిక్కబడిందో చూసే గాజు గొట్టం, బల్బు రంగు, అన్నీ తెలుసు. అంకెలే తెలియవు. ఆమె పలక తీసుకుని అతన్ని ప్రశ్నలు అడిగింది. ఒక్కో బల్బు గంటకు రెండు పాళ్ల కరెంటు తాగుతుంది. అలాంటివి అరవై పడతాయని బ్యాటరీ మీద రాసి ఉంది. అంటే ఒక్క బల్బు ముప్పై గంటలు వెలగాలి, ఆరు బల్బులైతే అయిదు గంటలు. పుల్లారావు నమ్ముకున్నది ఈ అయిదు గంటలనే. అయితే ఆ అరవై, బ్యాటరీ కొత్తగా ఉన్నప్పటి మాట. ఇప్పుడు దాంట్లో ఎంత పడుతుందో కాగితం చెప్పదు, వెలిగించి చూడాల్సిందే.

ఆంజనేయులును పిలిపించింది.

"వదినా, నావల్ల గాదు. సావుకారుకు తెలిస్తే నన్ను గూడా తీసేస్తాడు."

"ఆ పొద్దు నిజం మోయలేకపోయినావు గదా మరిదీ. ఈ పొద్దు బ్యాటరీ మోయి."

మిల్లు ఇంజను దగ్గర ఛార్జి చేయించిన బ్యాటరీని షెడ్డుకు చేర్చే దారిలో ఆంజనేయులు ఒకరోజు వాళ్లింట్లో దించాడు. సామ్రాజ్యమ్మ పొద్దున ఆరుకు ఒక్క బల్బు వెలిగించి దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. ఇంట్లో గడియారం లేదు. రైళ్లను బట్టి వేళ రాసుకుంది. సాయంత్రం అయిదుకు గిద్దలూరు వైపు బండి పోతుంటే బల్బు ఎర్రబడింది. ముప్పై గంటలు వెలగాల్సింది పదకొండుకే పడుకుంది. అంటే అరవై కాదు, ఇరవైరెండు.

ఆ లెక్కన ఆరు బల్బులు రెండు గంటలకు కొంచెం తక్కువగా వెలగాలి. మరోసారి ఛార్జి చేయించి ఆరూ పెట్టి చూస్తే గంటంబావుకే ఆరిపోయాయి. సామ్రాజ్యమ్మ పలక తుడిచి మూడుసార్లు వేసింది. లెక్క తప్పలేదు. ఏబేలు నవ్వాడు.

"ఒకేసారి ఎక్కువ లాగితే అది ఉన్నదంతా ఇయ్యదు. మెల్లగా లాగితే ఎక్కువ ఇస్తాది. ముసలి ఎద్దును ఉరికిస్తే రెండు మైళ్లకే పడుతుంది, నడిపిస్తే ఆరు మైళ్లు పోతుంది గదా."

"అది ముందే చెప్పకూడదా?"

"నువ్వు అంకెలే గదా అడిగినావు."

ఏడుంబావు నుంచి ఎనిమిదిన్నర. గంటంబావు. కూటాలనాడు దీపాలు వెలిగింది సరిగ్గా అంతసేపే. బ్యాటరీలో పట్టేదంతా బల్బులే తాగాయి. తోడుకోవడానికి లోపల ఇంకేమీ మిగల్లేదు. పలక పట్టుకుని పాస్టరు వరప్రసాదం అయ్యగారి దగ్గరకు పోయింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. మంచివాడే, కానీ పెద్దల మాట దాటలేడు.

"లెక్క బాగుందమ్మా. అయితే ఆ రాత్రి బ్యాటరీని ఎవరూ ముట్టలేదని ఈ లెక్క చెప్పదు గదా. పెద్దలు దొంగ భార్య వేసిన లెక్క అంటారు."

"ఎవరూ ముట్టకుండా అందరి కళ్లముందూ ఆరిపోతే ఒప్పుకుంటారా?"

"అప్పుడు ఒప్పుకోక ఏం చేస్తారు?"

"ఆ మాట గుర్తుపెట్టుకోండయ్యగారూ," అని పలక చంకలో పెట్టుకుని వచ్చేసింది.

పది నెలలు ఆగింది. ఆ పది నెలల్లో పుల్లారావు ఎదురుపడితే నమస్కారం పెట్టేది. ఆయన భార్య బాలింతగా ఉంటే పెరట్లో గుడ్డలు కూడా ఉతికిపెట్టి వచ్చింది. అక్కడ ఉన్న వారం రోజుల్లో తెలిసిందేమిటంటే, గిద్దలూరు మీదుగా కొమరోలుకు కొత్త బస్సు నడపడానికి షావుకారు పర్మిట్టు అడిగాడు, జిల్లా బోర్డు నుంచి ఒక అధికారి వస్తున్నాడు, ఆయనకు బస్సుల మైదానంలో బల్బుల వెలుగులో సన్మానం చేయబోతున్నారు.

సామ్రాజ్యమ్మ ఆంజనేయులును మళ్లీ పిలిపించింది. ఈసారి బ్యాటరీ ఇంకా ముసలిదై, ఆరు బల్బులకు యాభై నిమిషాలే నిలిచింది. అది పలక మీద రాసుకుని, అతనికి ఇంకో పని చెప్పింది.

"మీ సావుకారు చెవిలో వేయి. ఏబేలు మనుషులు ఈసారి గూడా కరెంటు తోడుకోవాలని చూస్తాండారని."

"వదినా, వాళ్లు నిన్ను పట్టుకుంటారు."

"పట్టుకోరు. తాళం వేసుకుంటారు."

అలాగే జరిగింది. పుల్లారావు వడ్రంగిని పిలిపించి, ఇనుప పట్టీలు కొట్టిన టేకుపెట్టె చేయించాడు. తీగలు పోవడానికి ఒక చిన్న బెజ్జం. రెండు తాళాలు. తాళంచెవులు మొలతాడుకు కట్టుకున్నాడు. అవీ చాలలేదని పెట్టె మీద తన బావమరిది రాఘవయ్యను కూర్చోబెట్టాడు. రాఘవయ్య బస్సు ఎక్కితే కండక్టరు అవతలి వైపు ముగ్గురిని సర్ది కూర్చోబెట్టేవాడు.

సన్మానంనాడు సాయంత్రం ఆరున్నరకే మైదానం నిండిపోయింది. సామ్రాజ్యమ్మ 'ఆరు బల్బులు, యాభై నిమిషాలు' అని రాసిన పలకను, పైన ఇంకో పలక కప్పి దారంతో కట్టి పాస్టరు చేతికి ఇచ్చింది. పాస్టరుకు అటు ఏబేలు, ఇటు ఆమె, అందరికీ కనబడేలా ముందు చాప మీద కూర్చున్నారు. ఇంతలో వేదిక మీద ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి, అధికారి కుర్చీ వెనక పూల తోరణానికి ఇంకో రెండు బల్బులు కట్టడం మొదలుపెట్టారు.

సామ్రాజ్యమ్మ బల్బులు లెక్కపెట్టింది. ఎనిమిది. యాభై నిమిషాలన్న మాట ఇప్పుడు తప్పు. చెప్పిన వేళకంటే ముందే ఆరిపోతే, లెక్క తప్పింది కాబట్టి మళ్లీ ఎవరో తోడారంటారు. ఇంకెప్పటికీ ఏబేలుకు గుడిలో ఆ వెనక చాప తప్పదు.

"అయ్యగారూ, ఆ పలక ఇటియ్యండి."

"కట్టి ఇచ్చినాక విప్పకూడదన్నావు గదమ్మా."

"ఇంకా వెలిగియ్యలేదు గదయ్యా. వెలిగిచ్చినాక అడిగితే ఇయ్యొద్దు."

పాస్టరు ఇచ్చాడు. ఆమె బలపం పట్టుకుంది. ఆరు బల్బులు యాభై నిమిషాల్లో తాగేది పది. ఎనిమిది బల్బులకు గంటకు పదహారు. గుణకారాలూ భాగహారాలూ వేస్తే ముప్పైఏడున్నర నిమిషాలు వచ్చింది. ఏబేలు పక్కనుంచి పలక వంక చూడకుండానే, "ఎక్కువ లాగితే తక్కువ ఇస్తాది," అన్నాడు. ఆమె ఆ ముప్పైఏడున్నరను తుడిచేసి ముప్పైఐదు అని రాసి, దారం కట్టి పాస్టరుకు ఇచ్చేసరికి బల్బులు భగ్గున వెలిగాయి. పాస్టరు జేబుగడియారం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

దండలు వేశారు. ఒక పిల్ల పాట పాడింది. పుల్లారావు లేచి సన్మానపత్రం చదవడం మొదలుపెట్టాడు. అది నాలుగు పేజీలు. సామ్రాజ్యమ్మ ఒక్క మాట వినలేదు. బల్బులనే చూస్తూ కూర్చుంది. ముప్పై నిమిషాల దగ్గర వెలుగు పసుపు తిరిగింది. రెండో పేజీ చివర నారింజ అయింది. పుల్లారావు కాగితం కళ్ల దగ్గరకు జరుపుకున్నాడు. 'మన తాలూకాకు దీపాలు తెచ్చిన' అనేదాకా చదివి, ఆ తర్వాత ఏముందో కనబడక ఆగిపోయాడు. బల్బుల్లో తీగలు ఎర్రటి వెంట్రుకల్లా మిగిలాయి. అవీ పోయాయి.

"దొంగలు," అన్నాడు పుల్లారావు చీకట్లోంచి. "మళ్లీ తోడినారు. ఆ ఏబేలును పట్టుకోండి."

"ఏబేలు నా పక్కన కూర్చున్నాడు షావుకారు గారూ. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది," అన్నాడు పాస్టరు.

పెట్రోమాక్సు వచ్చింది. అందరూ పెట్టె దగ్గరకు పోయారు. తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. రాఘవయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"నువ్వు మధ్యలో లేచినావా?" అని గద్దించాడు పుల్లారావు.

"లేయనిస్తే గదా బావా. ఒకటికి పోవాలన్నా పోనియ్యకపోతివి."

పాస్టరు దారం విప్పి పలకను వెలుగులో పైకి ఎత్తి చదివాడు. 'ఎనిమిది బల్బులు. ముప్పైఐదు నిమిషాలు. ఎవరూ ముట్టనవసరం లేదు.' దీపాలు వెలిగినప్పుడు వేళ చూసుకున్న అధికారి తన గడియారం చూసి ముప్పైనాలుగు అన్నాడు. పాస్టరు గడియారం ముప్పైఆరు చూపింది. సామ్రాజ్యమ్మ తర్వాత బతికినన్నాళ్లూ ఆ రెండు గడియారాలనూ తిట్టేది.

"అమ్మా, ఇది నీకు ముందే ఎట్లా తెలిసింది?" అని అడిగాడు అధికారి.

"ఆ బ్యాటరీలో పట్టేదే అంతయ్యా. వెలిగిచ్చి, కొలిచి చూసినా. పోయిన కూటాలప్పుడు ఇదే బ్యాటరీ గంటంబావుకు ఆరిపోతే మాయన తోడుకున్నాడన్నారు. ఈ పొద్దు ఎవరు తోడుకున్నారో, దాని మీద కూర్చున్న వాళ్ల బావమరిదిని అడగండి."

మైదానం గొల్లున నవ్వింది. రాఘవయ్య ఆ నవ్వు మధ్యలో పెట్టె దిగి, వెనక్కి చూడకుండా ఒకటికి పోయాడు. అధికారి నవ్వలేదు. నల్లమల దారిలో చీకటిపడ్డాక బస్సు దీపాలు ఇట్లా ఆరిపోతే ప్రయాణికుల గతి ఏమిటని అడిగాడు. బ్యాటరీ తెలిసినవాడు షెడ్డులో ఉన్నాడని చూపించేదాకా కొత్త పర్మిట్టు లేదని చెప్పి, దండ తీసి కుర్చీకి తగిలించి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పుల్లారావు సామ్రాజ్యమ్మ గుమ్మం ముందు ఉన్నాడు. అంతకు ముందు మా సంఘంవాళ్ల పేటలోకి ఆయన ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

"జరిగిందేందో జరిగింది. వాడిని పనిలోకి పంపీ అమ్మీ."

"వాడెవడో మా ఇంట్లో లేడు సావుకారూ. ఏబేలు అని ఒకాయన ఉన్నాడు."

పుల్లారావు గొంతు సవరించుకున్నాడు. "ఏబేలును పంపీ. జీతం పెంచుతా. నీకొక చీర పెడతా."

"చీరలు ఉన్నాయి. వచ్చే బల్ల ఆదివారం గుడికి వచ్చి, నేను చెప్పింది అబద్ధం అని అందరి ముందూ చెప్పు."

"మీ అయ్యగారితో చెపుతాలే. ఆయన మీవాళ్లకు చెపుతాడు."

"దొంగ అన్నప్పుడు అయ్యగారితో చెప్పి పంపలేదు గదా."

పుల్లారావు వెళ్లిపోయాడు. రెండు వారాలు తిరిగి చూడలేదు. గిద్దలూరు నుంచి, మార్కాపురం నుంచి ఇద్దరు బ్యాటరీవాళ్లను పిలిపించాడు. ఈ బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందని అడిగితే ఇద్దరూ మూతలు విప్పి నీళ్లు చూశారు. ఆయన ఇద్దరినీ పంపేశాడు.

బల్ల ఆదివారం పాట మధ్యలో గుడి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. పుల్లారావు కండువా చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. పాస్టరు పాట ఆపించాడు. షావుకారు నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"మగవాళ్ల వైపు వినపడలేదు," అంది సామ్రాజ్యమ్మ కూర్చున్నచోటునుంచే.

ఆయన మళ్లీ చెప్పాడు.

"ఆడవాళ్లకు వినపడలేదు."

"అమ్మా, చాల్లే," అన్నాడు పాస్టరు మెల్లగా.

"పోయిన మాట చేనంతా వినపడింది అయ్యగారూ. ఇది గుడి అంతన్నా వినపడాల గదా."

పుల్లారావు తలెత్తాడు. ముఖం నల్లబడి ఉంది. "ఏబేలు కరెంటు తోడలేదు. బ్యాటరీ ముసలిది. వాడు... ఆయన ముందే చెప్పినాడు. నేను వినలేదు. నేను చెప్పింది అబద్ధం," అని ఒక్కో మాటా విడిగా, గోడలకు తగిలేలా అన్నాడు. అని, చెప్పులు తొడుక్కోకుండానే చేతపట్టుకుని వెళ్లిపోయాడు.

పెద్దలు తలూపితే ఏబేలు చాప మీదనుంచి లేచాడు. నిటారుగా నడిచి బల్ల దగ్గరకు చేరాడు. పాస్టరు రొట్టె ముక్క ఏబేలు అరచేతిలో పెట్టి, ఆడవాళ్ల వైపు తిరిగి సామ్రాజ్యమ్మను రమ్మన్నాడు.

ఆమె లేవలేదు. ఎవరి మీదనైనా పగ పెట్టుకున్నవాళ్లు బల్ల ముట్టకూడదన్నది మా సంఘం నియమం.

"సామ్రాజ్యం, రా అమ్మా. ఆయన ఒప్పుకున్నాడు గదా."

"ఆయన ఒప్పుకున్నాడు అయ్యగారూ. నాకింకా కోపం తగ్గలేదు. ఈ నెల నన్ను వదిలేయండి," అంది.

ఆమె కొంగు సర్దుకుని, గోడకు ఆనుకుని, ఏబేలు రొట్టె తినడం చూస్తూ కూర్చుంది.